పాత బ్లాకు మీద రెండో తరం హెడ్డు

అరవం లెక్కన ఆవణి నెల, మొదటి బుధవారం. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి.

హాజరు: స్టీరింగ్ దగ్గర నేను. నా పక్క సీట్లో మా బావ, అంటే మా అక్క భర్త. వెనక సీట్లో మా అక్క, మా ఆయన. తిరుత్తణిలో ఎక్కినవాడు మెకానిక్. ఆరోది కారు.

కారును కూడా హాజరులో రాసుకున్నాను. ఆ రోజు తీర్పు దాని మీదే గనక.

డైరీలో హాజరు రాయడం ఉద్యోగంలో వచ్చిన అలవాటు. తిరువళ్ళూరు పక్కన ఒక ఫ్యాక్టరీలో కొలతల గదిలో పనిచేసి రిటైరయ్యాను. తయారై వచ్చిన ప్రతి ముక్కనూ కొలిచి సరే అనో, కాదు అనో రాయడమే నా పని. ఎవరి ఎదుట కొలిచామో రాయకపోతే ఆ కొలతను ఎవరూ ఒప్పుకోరు. ఇంటికొచ్చాక కూడా చెయ్యి ఊరుకోలేదు. నా డైరీలన్నీ తెలుగులోనే. మా పిల్లలు అరవం గడగడా చదువుతారు, తెలుగు అక్షరం దగ్గర ఆగి ఆగి నడుస్తారు. అందుకని వాటిని బీరువాలో పెట్టి తాళం వేయాల్సిన పని నాకు ఎన్నడూ పడలేదు.

ఆ బుధవారం నాటి పందెం ఇదీ. ఐదుగురం ఎక్కి కూర్చుంటే కారు తిరుత్తణి కొండ రోడ్డు మీద పైదాకా పోవాలి. దారిలో రేడియేటర్ పొంగి ఆవిరి రాకూడదు. ఎవరూ దిగి తోయకూడదు. పోతే కారు నాది, స్టీరింగూ నాది, ఆ సంగతి ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. పోకపోతే తాళంచెవి బావ చేతిలో పెట్టాలి. పాత ఇనుము కొనే కొట్టును మా వైపు కాయలాన్ కడై అంటారు. ఆ కొట్టువాడితో బావ అప్పటికే మాట్లాడేశాడు. గురువారం పొద్దున్నే బండి తీసుకుని రమ్మని చెప్పేశాడు కూడా.

పాత కారు పోతే కొత్తది కొనుక్కోవచ్చు గదా అని అడిగేవాళ్ళున్నారు. కొనవచ్చు. దాన్ని మా అబ్బాయి నడుపుతాడు, లేదా ఒక డ్రైవరు నడుపుతాడు. నేను వెనక సీట్లో పర్సు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. నా వయసులో కారు పోవడమంటే స్టీరింగు పోవడం. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. అందరూ కారు పాతదైపోయిందనే అంటారు.

కారు పేరు రాయను. ఒకప్పుడు మన రోడ్ల మీద అది కనబడని వీధి లేదు. నా జీతంతో, సెకండ్ హ్యాండుగా, నేనే కొన్నాను. మా ఆయన డ్రైవింగు నేర్చుకోలేదు. ఎందుకు నేర్చుకోలేదని ఎవరైనా అడిగితే, "ఒక దారికి ఇద్దరు పెద్దమనుషులుంటే బండి గుంటలోకే పోతుంది" అంటాడు. ఆయనకు కిటికీ పక్క చోటు దొరికితే చాలు.

మా బావ చెడ్డవాడు కాదు. ఆ మాట ఇక్కడే రాసేయాలి. ఆర్.కె.పేటలో వేరుశనగ వేసే రైతు, మా కుటుంబంలో పెద్ద. ఆయన పట్టుకు కారణం తామరైపాక్కం.

పోయిన ఎండాకాలం అక్కా నేనూ ఒక సీమంతానికి పోయి కారులో తిరిగి వస్తున్నాం. తామరైపాక్కం చెక్‌డ్యామ్ దాటుతుండగా నీళ్ళ గొట్టం పగిలింది. వేడి చూపే ముల్లు ఎగిరి ఎర్ర గీత మీద కూర్చుంది. పక్కకు తీసి ఆపాను. చల్లారనిస్తే సరిపోయేది. కానీ మా వైపు మనుషులకు సాయం చేయకుండా నిలబడడం చేతకాదు. ఎక్కడినుంచో నలుగురు వచ్చారు. నేను వద్దు వద్దు అంటుండగానే బానెట్ ఎత్తి, ఏటి నీళ్ళు బకెట్‌తో తెచ్చి, కాలుతున్న ఇంజన్ మీద కుమ్మరించారు. టక్కుమని చిన్న చప్పుడు వచ్చింది. బుగ్గ గిల్లినంత చప్పుడు. ఆ చప్పుడుతో ఇంజన్‌కు తలలాంటి సిలిండర్ హెడ్డు పగిలింది.

చీకటి పడేలోపు బావ బైకు మీద వచ్చాడు. అక్కా నేనూ ఏటి గట్టు మీద కూర్చుని సీమంతం మిఠాయి పొట్లం విప్పుకుని తింటున్నాం. అది చూసి ఆయనకు ఇంకా మండింది.

"ఇద్దరు ముసలోళ్ళు యాడో ఏటి గట్టున! ఏదన్నా అయితే ఎవురికి చెప్పుకునేది?"

"ఏమైంది మాకిప్పుడు?" అంది అక్క. "మైసూర్ పాక్ ఉండాది, తింటావా?"

ఆ రోజునుంచి ఆయన మాట ఒకటే: ఆ కారు ఇంట్లో ఉండకూడదు.

నా కారు ఇంజన్‌ను కంపెనీ మూడు తరాలుగా మార్చింది. నాది మొదటి తరం. దానికి సరిపోయే పాత హెడ్డు ఎక్కడా దొరకలేదు. దొరికినవి కూడా పగిలినవే. తిరుత్తణిలో నా కారు చూసే మెకానిక్ ఉన్నాడు. నలభై దాటినవాడు, నోటికి తాళం లేనివాడు. వాడే కనిపెట్టాడు, ఆరంబాక్కంలో చేపల వ్యాపారి ఇంటి వెనక రెండో తరం కారు ఒకటి పడి ఉందని. ఉప్పుగాలికి ఒళ్ళంతా జల్లెడై పోయింది గానీ ఇంజన్ బాగుందట. పోయి చూశాం. బాగుంది.

"అట్లయితే ఇంజన్ మొత్తం ఎత్తేస్తాం అక్కా," అన్నాడు మెకానిక్.

"బ్లాకు నాదే ఉండాల," అన్నాను. ఇంజన్‌కు ఒళ్ళు బ్లాకు, ఇంజన్ నంబరు చెక్కి ఉండేది దాని మీదే. ఆర్‌సీ పుస్తకంలో ఉండేదీ ఆ నంబరే. పైగా నా బ్లాకు చెడలేదు. చెడనిదాన్ని మార్చడం కొలతల గదిలో నేను నేర్చుకోలేదు. "హెడ్డు మాత్రం దానిది తీస్తాం."

"మొదటి తరం ఒళ్ళు, రెండో తరం తల." మెకానిక్ తల గోక్కున్నాడు. "బోల్టులు ఒకే చోట ఉండాయి. కూర్చుంటాది."

ఈ సంగతి ఆర్.కె.పేట చేరడానికి ఒక్క పూట పట్టలేదు. బావ ఫోన్ చేశాడు.

"ఏం మరదలా, ఎనుము ఒంటికి ఎద్దు తల పెడతుండావంట?"

"వినాయకుడికి ఏం తల పెట్టినారు బావా?"

అవతల బావ గొంతు సవరించుకున్నాడు.

"ఆయన దేవుడు," అన్నాడు చివరికి.

"ఆ వినాయకుడి తమ్ముడు కొండమీద ఉండాడు గదా. ఆయన్నే అడుగుదాం. నా కారు తిరుత్తణి కొండ ఎక్కితే నువ్వు నోరు మూసుకోవాల. ఎక్కకపోతే తాళంచెవి నీకే."

అలా పుట్టింది పందెం. కోపంలో అన్నమాటే గానీ వెనక్కి తీసుకోవాలని నాకు అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

బోల్టులు కూర్చున్నంత మాత్రాన రెండు ముక్కలు కుదిరినట్టు కాదు. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య గ్యాస్కెట్టు అని పలుచని అట్టలాంటిది ఒకటి ఉంటుంది. మంట, నీళ్ళు, ఆయిలు మూడూ దాని రంధ్రాల్లోంచే పైకీ కిందికీ పోతాయి, ఒకదాన్ని ఒకటి తాకకుండా. నేను పాత గ్యాస్కెట్టును ఒక గీతల కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీశాను. ఇంకో కాగితం మీద కొత్త హెడ్డు అడుగుభాగాన్ని గీశాను. రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి మెకానిక్ షెడ్డు కిటికీ అద్దానికి ఆనించాను. వెలుగులో అన్ని రంధ్రాలూ కలిశాయి, ఒక్కటి తప్ప. చివరి సిలిండర్ పక్కన బ్లాకులోంచి నీళ్ళు పైకి వచ్చే దారి, హెడ్డులో పక్కకు జరిగి ఉంది. కిందినుంచి వచ్చే నీళ్ళకు పైన గోడ.

"ఇది బిగించి ఉంటే ఏమయ్యుండేది?" అని మెకానిక్‌ను అడిగాను.

"తిరువళ్ళూరులో బాగా పరుగెత్తుతుంది అక్కా. కొండమీద పొంగుతుంది."

"గెలిచిన బావ మెడలో మాల వేసే పని తప్పింది."

వాడు పకపకా నవ్వాడు. ఆ హెడ్డును లేత్ పనిచేసే చోటికి తీసుకుపోయాం. ఆ రంధ్రాన్ని పక్కకు సాగదీసి కోడిగుడ్డు ఆకారంలో చేయించాం. మిగిలిన ఇనుము మందం సరిపోతుందో లేదో నేను కొలిచి చూసేదాకా డ్రిల్లు తగలనివ్వలేదు. రెండో తరం హెడ్డులో మంట మండే గది చిన్నది. ఒత్తిడి ఎక్కువ. పాత లెక్కతో నిప్పురవ్వ పెడితే ఇంజన్ కొట్టుకుంటుంది. ఆ సంగతి మెకానిక్ చెవితో విని సర్దాడు. అందులో నా కొలతల అవసరం రాలేదు. స్టార్టర్ మోటారు మాత్రం మూడో తరానిది, వాడి అరలో ఉన్నదే. చిన్నది, తేలిక, గట్టిది.

ఇది విని చాలామంది నవ్వారు. ఒరిజినల్ పోయిందన్నారు. కదంబమన్నారు. నా ఎడమ మోకాలు స్టీలుది, కళ్ళలో లెన్సులు ప్లాస్టిక్కువి, మరి నేనేమైనా వేరే మనిషినయ్యానా? మేము తిరుపతి వైపు పెళ్ళిళ్ళకు పోతే మా మాట విని అక్కడివాళ్ళు నోటికి పైట అడ్డం పెట్టుకుంటారు, సగం అరవం సగం తెలుగు అని. రాయల కాలంలో వచ్చి ఈ నేలలో పాతుకుపోయినవాళ్ళం, ఇక్కడి మాట ఒంటబట్టదా? ఆ మాటతోనే పిల్లల్ని పెంచాం, ఉద్యోగాలు చేశాం, పొలాలు పండించాం. పనిచేసేదాన్ని కల్తీ అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

హెడ్డు బిగించాక నెమ్మదిగా నడిపి ఇంజన్‌ను అలవాటు చేశాను. ఒక మధ్యాహ్నం మా పిల్లల్ని, పక్కింటివాళ్ళను ఎక్కించుకుని ఐదుగురం ఆరంబాక్కం పోయి వచ్చాం. మండుటెండ, నిండు బరువు. వేడి ముల్లు సగం గీత దాటలేదు. అది కూడా డైరీలో రాశాను.

ఇక బుధవారం. అక్కా బావా ముందురోజే బస్సులో వచ్చి మా ఇంట్లో పడుకున్నారు. బావ తెల్ల చొక్కా వేసుకుని, తీర్పు చెప్పే మనిషిలా ముందు సీట్లో కూర్చున్నాడు. తిరుత్తణి దాకా కళ్ళు రోడ్డు మీద లేవు, ముల్లు మీదే. ముల్లు కదల్లేదు. మా ఆయన వెనకనుంచి, "అన్నా, అదేమన్నా కొత్త పెళ్ళికూతురా, అట్ల చూస్తుండావు?" అన్నాడు.

కొండ కింద పూల కొట్ల వరస. మెకానిక్ అక్కడే ఎక్కాలి. వాడి కోసం చూస్తూ నేను బానెట్ ఎత్తి ఆయిలు చూసుకున్నాను. ఆలోపల బావ పూలకొట్టు దగ్గరికి పోయాడు. తిరుత్తణి స్వామికి పూల కావడి ఎత్తడం మా వైపు మొక్కు. నడిచిపోయే మనిషి భుజం మీద కావడి ఎత్తుకున్నట్టే, బండిలో పోతే బండికి పూలు కట్టాలని బావ లెక్క. బంతిపూల దండ తెచ్చాడు, నా చేతికంటే లావు. ఒక లైటు నుంచి ఇంకో లైటు దాకా ఒక వరస, దానికింద ఇంకో వరస, దానికింద మరొకటి. సందుల్లో వేపమండలు కుక్కాడు. దిష్టి తగలకుండా వాటన్నిటి మీదా పసుపు గుడ్డ ఒకటి లాగి కట్టాడు.

"పందెం ఓడాలని కోరుకుంటూ పూలు కట్టేది లోకంలో నువ్వొక్కడివే," అంది అక్క.

"పందెం పందెమే, సామి సామే," అన్నాడు బావ, ముడి బిగిస్తూ.

నేను చూశాను. చూసి, బాగుంది బావా అన్నాను కూడా. ఆ కొండకు పోయే ప్రతి బండికీ ముందర పూలుంటాయి. ఎవరైనా అనేమాటే నేనూ అన్నాను.

మెకానిక్ వచ్చి వెనక సీట్లో ఎక్కాక, గేటు దగ్గర చీటీ తీసుకుని కొండ ఎక్కడం మొదలుపెట్టాం. ముందు ఒక మినీ బస్సు. దాని వెనక మొదటి గేర్లో, మనిషి నడిచినంత వేగంతో పోవాల్సి వచ్చింది. మొదటి మలుపు దాకా ముల్లు సగంలోనే ఉంది. తర్వాత లేచింది. తామరైపాక్కంలోలాగా ఎగరలేదు. బస్సులో పక్కవాణ్ణి మోచేత్తో తోసుకుంటూ లేచే మనిషిలా మెల్లిగా లేచింది.

బావ జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

ముల్లు ఎర్ర గీతను తాకబోతుండగా రోడ్డు వెడల్పుగా ఉన్న ఒక మలుపు వచ్చింది. ఎడమకు తీసి, చేతి బ్రేకు లాగి ఆపాను. ఇంజన్ ఆపలేదు.

"నిలిచిపోయింది," అన్నాడు బావ.

"నిలిచిపోలా. నేను నిలిపినా."

"రెండూ ఒకటే."

"ఎట్ల ఒకటి? నువ్వు పడుకుంటే నిద్ర, పడిపోతే ఆసుపత్రి. రెండూ ఒకటేనా?"

వెనక మెకానిక్ ముఖం పాలిపోయింది. కొండ కింద షెడ్లవాళ్ళందరికీ వాడు ఈ పందెం సంగతి చెప్పుకుని ఉన్నాడు. "అక్కా, గ్యాస్కెట్టు పోయినట్టుండాది. ఆ చివరి రంధ్రమే. వద్దక్కా, ఇంజన్ ఆపేయి."

"గ్యాస్కెట్టు పోతే సైలెన్సర్‌లో తెల్లపొగ రావాల. దిగి చూడు."

వాడు దిగి వెనక్కి పోయి చూసి వచ్చాడు. "లే."

"ఆవిరి?"

"అదీ లే."

"మరి సుమ్మా, ఊరికే ఎందుకు ఏడుస్తావు?"

మా ఆయన తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. "మేమంతా దిగి నడుస్తాం. బరువు తగ్గుతాది."

"ఎవురూ దిగొద్దు," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ఆయన చెయ్యి తీసేశాడు.

దారిన పోయే ఒకాయన నీళ్ళ సీసా చూపిస్తూ దగ్గరికి వచ్చాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "ఇంజన్ మీద ఒక్క చుక్క పడిందంటే చూడు," అన్నాను అరవంలో. ఆయన ఆ సీసాలోని నీళ్ళు తానే తాగుతూ వెళ్ళిపోయాడు.

ఒక ముక్క కొలతకు రాకపోతే అన్నీ ఒకేసారి మార్చకూడదు. ఒక్కటే మార్చి, మళ్ళీ కొలవాలి. లేకపోతే ఏది మారితే బాగైందో ఎప్పటికీ తెలియదు. అందరూ దిగి నడిస్తే కారు పైకి పోతుంది, నిజమే. కానీ మోయలేని కారని నా ఎదుటే రుజువైపోతుంది. ఆరంబాక్కం పోయిన రోజు ఐదుగురం ఉన్నాం, ఎండ ఇంతకంటే ఎక్కువ. ఆ రోజు లేనివి రెండు. ఒకటి కొండ. దాన్ని తీసి పక్కన పెట్టలేను.

దిగి కారు ముందుకు వచ్చాను. గేటు దగ్గర ఇచ్చిన చీటీ నా చేతిలోనే ఉంది. దాన్ని పసుపు గుడ్డకు ఆనించి వదిలాను. రేడియేటర్ వెనక ఫ్యాను తిరుగుతూ గాలిని లోపలికి లాగుతుంటే కాగితం అక్కడే అతుక్కోవాలి. చీటీ ఆకులా రాలి నా చెప్పు మీద పడింది.

"బావా, ఇట్ల రా."

ఆయన దిగి వచ్చాడు. మళ్ళీ చీటీ ఆనించి వదిలాను. మళ్ళీ పడింది.

"చూసినావా? నీ దండ దాని ముక్కు మూసేసింది. పూలు, ఆకులు, ఆపైన గుడ్డ. గాలి యాడనుంచి పోతుంది?"

"అందరి బండ్లకీ కడతారు."

"అందరూ నూలుపోగంత కడతారు. నువ్వు పరుపు కట్టినావు." ముడి మీద చెయ్యి వేశాను.

బావ నా మణికట్టు పట్టుకున్నాడు. మా ఇద్దరికీ ఎన్ని తగాదాలున్నా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపడం అదే మొదటిసారి. "వద్దు మే. సామికని కట్టింది దారిలో ఊడదీస్తారా యాడన్నా? పైకి పోయినాక ఆయన ముందర తీయాల."

"అట్లయితే ఇది పైకి పోదు. నీకు కావాల్సిందీ అదే గదా?"

"నాకు కావాల్సింది..." అని ఆగాడు. "నీకు ఏమీ కాకూడదని కట్టినా. మీ ఇద్దరికీ. ఓడిపోవాలని కట్టలే."

ఆ మాట నాకు తెలుసు. తెలిసి కూడా నా చెయ్యి ముడి మీదనుంచి తీయలేదు. ప్రేమతో కట్టిందైనా గాలికి అడ్డమే. "నాకేమీ కాకూడదంటే అది ఊపిరి పీల్చాల బావా," అన్నాను.

ఇద్దరం ఆ ముడి పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడ్డాం. కొండ దిగే బండ్లు హారన్ కొడుతూ పోతున్నాయి. ఇంజన్ గుర్రుమంటూనే ఉంది. వెనక కిటికీలోంచి అక్క తల బయటికి వచ్చింది.

"ఏందయ్యా మీ తగువు! దండ సామికి చేరాల, అంతే గదా? కారు కాకపోతే నువ్వు మోయి. కావడి మనుషులు ఎత్తేదే గదా, కార్లు ఎత్తినాయా ఏనాడన్నా?"

బావ అక్కవైపు చూశాడు. నావైపు చూశాడు. తర్వాత నా మణికట్టు వదిలి, తానే వంగి ముడి విప్పాడు. దండను కింద తాకనివ్వకుండా రెండు చేతులమీద తీసుకుని, మెడమీదనుంచి రెండు భుజాలకూ దించుకున్నాడు. వేపమండలు చంకలో పెట్టుకున్నాడు. పసుపు గుడ్డ నడుముకు చుట్టుకున్నాడు. ఆ అవతారంతో ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. వేపమండ ఒకటి వెనక్కి పొడుచుకుని వచ్చి మా ఆయన చెవికి తగిలింది.

"హరో హరా," అన్నాడు మా ఆయన, చెవి రుద్దుకుంటూ.

నేను ఎక్కలేదు. బయటే నిలబడి, చీటీని రేడియేటర్ ముందున్న జాలీకి ఆనించి వదిలాను. టప్పున అతుక్కుంది. లాగితే గానీ రాలేదు. కిటికీలోంచి తల పెట్టి ముల్లు చూశాను. కాసేపు ఎర్ర గీత దగ్గరే ఉంది. మెకానిక్ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తున్నాడో మరి. తర్వాత ముల్లు జరిగింది. వెంట్రుకవాసి. మళ్ళీ వెంట్రుకవాసి. సగానికి కొంచెం పైన వచ్చి నిలబడింది.

ఎక్కి, బ్రేకు దించి, మొదటి గేర్లో కదిలించాను. కొత్త హెడ్డు పెద్ద వాల్వులతో ఊపిరి తీసుకుంటూ ఐదుగురినీ, బావ మెడలోని పూల పరుపునూ లాక్కుని పోయింది. మలుపు తర్వాత మలుపు. ముందుపోయిన మినీ బస్సును పైమలుపు దగ్గర మళ్ళీ అందుకున్నాం. ముల్లు అక్కడే ఉంది. పైన బండ్లు నిలిపే చోట ఆపి, ఇంజన్ ఆర్పి, నేను దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాను.

"దిగవా?" అంది అక్క.

"ఉండు. ఆవిరి వస్తుందేమో బావను చూసుకోనీ."

బావ మెడలో దండతోనే దిగి, బానెట్ ముందు వంగి, ఈ పక్కనుంచీ ఆ పక్కనుంచీ చూశాడు. ఆవిరి లేదు. కింద నీటి చుక్క లేదు. ఆయన ఏమీ ఒప్పుకోలేదు. ఒప్పుకునే మనిషి కాదు. దర్శనానికి పోయే గుంపులో కలిసిపోయాడు. మెడలో దండ, నడుముకు పసుపు గుడ్డ చూసి జనం కావడి మొక్కుకున్న భక్తుడనుకుని దారి ఇచ్చారు. ఆయన వెనకే మేమంతా లోపలికి పోయాం.

దండ స్వామికిచ్చి బయటికి వచ్చాక బావ పూజారి దగ్గర చందనం అడిగి తెచ్చుకుని, బానెట్ ఎత్తమన్నాడు. బొటనవేలితో హెడ్డు మీద ఒక బొట్టు, బ్లాకు మీద ఒక బొట్టు పెట్టాడు.

"స్టార్టర్‌కు?" అన్నాడు మెకానిక్. "అది మూడో తరం సార్, అలుగుతుంది."

దానికీ పెట్టాడు. వేడికి వేలు కాలితే నోట్లో పెట్టుకున్నాడు. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టించి, "ఊ, తొక్కించు," అన్నాడు నాతో. తాళంచెవి సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తాళంచెవి నా దగ్గరే ఉంది.

మర్నాడు, గురువారం పొద్దున.

కాఫీ తాగుతుండగా గేటు ముందు ఒక చిన్న లారీ వచ్చి ఆగింది. వెనక గొలుసులు, కప్పీ, ఇనుప పలకలు. కాయలాన్ కడై వాడు. వాడికి వద్దని ఎవరూ చెప్పలేదు. బావ కిటికీలోంచి వాణ్ణి చూసి, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అది అరవం పేపరు, తలకిందులుగా ఉంది.

నేను బయటికి పోయాను.

"అమ్మా, పాత కారు ఉండాదని సార్ చెప్పినారు," అన్నాడు వాడు, షెడ్డులోకి తొంగి చూస్తూ.

"ఉండాది."

"ఇంజన్ పనికొస్తుందా? కదంబమని చెప్పినారే?"

"కదంబమే. మొదటి తరం బ్లాకు, రెండో తరం హెడ్డు, మూడో తరం స్టార్టర్. నీ కడైలో రెండో తరం వాటర్ పంపు ఒకటి ఉంటే తీసిపెట్టు, నేను వచ్చి కొలిచి తీసుకుంటా. నాది పాతదైపోయింది."

వాడు నావైపూ, షెడ్డువైపూ, ఇంటి కిటికీవైపూ మార్చి మార్చి చూశాడు. "అంటే కారు ఇవ్వడం లేదా?"

"ఇప్పుడు మా అక్కను ఆర్.కె.పేటలో దించి రావాల. నీ లారీ గేటుకు అడ్డంగా ఉండాది. వెనక్కి తీయి."

నేను కారెక్కి తాళం తిప్పాను. చిన్న స్టార్టర్ ఒక్కసారి తిరిగింది, ఇంజన్ అందుకుంది. అక్క సంచి పట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. బావ చెప్పులు వేసుకుని నిదానంగా వచ్చాడు. ముందు తలుపు దగ్గర ఒక క్షణం నిలబడి, అక్కను చూసి, వెనక తలుపు తీసుకుని ఎక్కాడు.

లారీవాడు ఇంకా ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. వాడు బండి వెనక్కి తీసేదాకా నేను హారన్ మీదనుంచి చెయ్యి తీయలేదు.